తిత్లీ పేరు వాళ్లది, స్తంభం మనది

(ఉత్తరాంధ్ర పాఠకుల ప్రశ్నలకు, కరెంటు పనుల్లోనే ఉద్యోగం ముగించి టెక్కలిలో ఉంటున్న రిటైర్డ్ ఇంజినీరు జవాబులు. అక్టోబరు దగ్గర పడిందేమో, ఈ నెల వచ్చినవన్నీ తుఫాను ఉత్తరాలే.)

ప్రశ్న: మా తోట మొత్తాన్ని పడుకోబెట్టిన తిత్లీకి ఆ పేరు పాకిస్తాన్ పెట్టిందని మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. మన సముద్రంలో పుట్టి మన నెత్తిన పడే గాలికి వాళ్లు పేరు పెట్టడమేమిటి సార్? మనవాళ్లు ఎలా ఒప్పుకున్నారు?
- కొబ్బరి రైతు, కవిటి మండలం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఒక్క తిత్లీయే కాదు, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ కూడా వాళ్లు ఇచ్చిన పేరే. హుద్‌హుద్ ఒమన్ వాళ్లది, ఫైలిన్ థాయిలాండ్ వాళ్లది. వరసగా వాటి అర్థాలు: సీతాకోకచిలుక, గులాబీ, తలమీద కుచ్చున్న పిట్ట, నీలమణి. వింటే శుభలేఖ మీద బొమ్మల్లా ఉంటాయి. వచ్చి చేసిపోయే పని మీకు నేను చెప్పక్కర్లేదు.

బాకీ మాత్రం ఏమీ లేదు. మనం ఇచ్చిన 'తేజ్' 2023 అక్టోబరులో వెళ్లి యెమెన్ మీద పడింది. అక్కడి ఖర్జూరం రైతు ఎవరో 'ఇదెక్కడి పేరు' అని మీలాగే విసుక్కుని ఉంటాడు.

ఒప్పుకోవడం వెనక పెద్ద విషాదం ఉంది. 1970 నవంబరులో భోలా తుఫాను ఇప్పటి బంగ్లాదేశ్ మీద పడి, తక్కువలో తక్కువ 3 లక్షల మందిని మింగేసింది. ఆ తర్వాత 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా పసిఫిక్ విభాగం కలిసి ఈ సముద్రాల చుట్టూ ఉన్న దేశాలతో ఒక ప్యానెల్ పెట్టాయి. ఇప్పుడు అందులో 13 దేశాలున్నాయి. అందరికీ తుఫాను బులెటిన్ ఇచ్చే బాధ్యత ఢిల్లీలోని మన వాతావరణ శాఖది. గాలి గంటకి 62 కిలోమీటర్లకి చేరితే వరసలో తర్వాత ఉన్న పేరు తీసి పెడతారు. పాత జాబితా అయిపోవస్తే 2020లో 169 పేర్లతో కొత్తది వేశారు.

పేర్లు పైపై ముచ్చట. అసలు సరుకు సమాచారం. అండమాన్ దగ్గర పుట్టిన అల్పపీడనం సోంపేట వైపు వస్తుందా, చిట్టగాంగ్ పోతుందా అని తేల్చాలంటే మయన్మార్ మీద, థాయిలాండ్ మీద గాలి ఏ ఎత్తులో ఎటు వీస్తోందో తెలియాలి. వాళ్లు ఎగరేసిన బెలూన్ల లెక్క మనకొస్తుంది, మనది వాళ్లకి పోతుంది. పైనుంచి జపాన్ ఉపగ్రహం, యూరప్ ఉపగ్రహం చూస్తుంటాయి. ఇందులో ఏ దేశం ఒంటరిగా చేయగలిగింది పెద్దగా లేదు.

తిత్లీ వెళ్లిన నెలన్నరకి, గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన జిల్లాల కుర్రాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు, గుర్తుందా? 2020 జనవరిలో గాని 20 మంది వాఘా దాటి ఇల్లు చేరలేదు. ఆ మధ్యకాలంలోనూ ఢిల్లీ నుంచి కరాచీకి తుఫాను బులెటిన్లు పోతూనే ఉన్నాయి. నాకైతే ఆ ఒక్క తీగ తెగకుండా ఉంటే చాలనిపిస్తుంది.

ప్రశ్న: హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు కోట్లకి కోట్లు ఇచ్చిందన్నారు. నాలుగేళ్లకి తిత్లీ వస్తే మా ఊళ్లో పది రోజులు పైగా కరెంటు లేదు. ఆ డబ్బు ఏమైంది? మీరు చేసిన ఉద్యోగం అదే కదా, దాచకుండా చెప్పండి.
- జీడి రైతు, వజ్రపుకొత్తూరు మండలం

జవాబు: దొరికిపోయాను. చెబుతాను.

ముందు డబ్బు సంగతి. అది దానం కాదు, అప్పు. 2015లో మంజూరైంది, 25 కోట్ల డాలర్లు. పరాయి ప్రభుత్వాలు చేసే సాయం 2004 సునామీ నుంచీ మన కేంద్రం వద్దంటూ వస్తోంది గానీ, తిరిగి కట్టుకునే ఇలాంటి అప్పుకి అడ్డు లేదు. దాంతో విశాఖలో కొంతమేర తీగల్ని భూమిలోకి దించారు. షెల్టర్లు, రోడ్లు, తీరం వెంబడి చెట్ల పెంపకం కూడా ఆ పద్దులోవే. ఉద్దానం ఊళ్లలో లైన్లన్నీ మార్చేయడానికి వచ్చిన డబ్బు కాదది. నగరంలో కేబులు పూడ్చినట్టు ఇసుక నేలలో, ఉప్పు నీటి పక్కన, ఇల్లు ఇల్లుకీ అర కిలోమీటరు ఉన్నచోట పూడ్చడం అయ్యే పనీ కాదు.

మరి ఆ స్తంభాలు ఎందుకు పడ్డాయంటారా? తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. నేను ఆ రాత్రి సబ్‌స్టేషన్‌లోనే ఉన్నాను. వెలుగు వచ్చాక చూస్తే గాలికి విరిగిన స్తంభాల కన్నా చెట్లు పడగొట్టినవే ఎక్కువ. కొబ్బరి చెట్టు ఒకటి తీగ మీద పడితే ఒక్క స్తంభంతో పోదు. తీగ లాగుతుంది, ఆ వరసలో అయిదారు వంగిపోతాయి. పక్క జిల్లాల నుంచి లైన్‌మన్లు వచ్చారు. బడి వరండాల్లో పడుకుని పనిచేశారు. వారంలో దసరా. రోడ్డుకి అడ్డంగా కూర్చున్న ఓ ముసలమ్మ మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "లైటు నేకపోతే నేదు బాబూ, మోటారు తిరిగితే సాలు. తాగడానికి నీల్లు నేవు."

ఇప్పుడు నా తప్పు. తొమ్మిది మీటర్ల స్తంభానికి మీటరున్నర గొయ్యి ఉండాలి. ఇసుక నేలయితే మొదట్లో కాంక్రీటు కూడా పోయాలి. అది ఆరడానికి రోజులు కావాలి, కంకర లారీ రావడానికి రోడ్డు కావాలి. నాకు రెండూ లేవు. ఒక లైనులో మూడున్నర అడుగులకే ఆపేసి, మట్టి కొట్టించి, రాత్రి పదకొండింటికి కరెంటు ఇచ్చాను. ఊళ్లో ఈలలు వేశారు. 2021లో గులాబ్ వెళ్లాక ఓ పెళ్లికని ఆ దారిన బస్సులో పోతూ చూశాను, సరిగ్గా ఆ వరసే తూర్పుకి వాలిపోయి ఉంది. అప్పటికి రిటైరై రెండేళ్లు. దిగి చూసే ధైర్యం రాలేదు.

2015 మార్చిలో జపాన్‌లోని సెండాయ్‌లో దేశాలన్నీ కలిసి 2030 దాకా ఒక ఒప్పందం రాసుకున్నాయి. పడిపోయినదాన్ని ఉన్నట్టే నిలబెట్టొద్దు, ముందుకన్నా గట్టిగా నిలబెట్టండి అన్నది అందులో ముఖ్యమైన మాట. చదివితే సంతోషంగానే ఉంటుంది. కానీ దసరా ముందు రోడ్డు మీద కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పలేం. గట్టి స్తంభాలు, గుంత తవ్వే యంత్రాలు, రేటు ఖరారైన కాంట్రాక్టు, ఇవన్నీ తుఫానుకి ముందే గోదాములో, ఫైల్లో సిద్ధంగా ఉంటేనే ఆ ఒప్పందం మన ఊరి దాకా వచ్చినట్టు. నీళ్ల పథకానికీ ఆస్పత్రికీ పోయే లైన్ల వరకైనా ముందే బలం చేసుకుంటే, మిగతా ఊరు నాలుగు రోజులు ఓపిక పడుతుంది.

2019 సెప్టెంబరులో న్యూయార్క్‌లో మన ప్రధాని మొదలుపెట్టిన అంతర్జాతీయ కూటమి, సీడీఆర్ఐ, ఢిల్లీ నుంచే నడుస్తోంది. 40కి పైగా దేశాలున్నాయి. రోడ్లు, కరెంటు, టెలిఫోన్లు విపత్తుకి నిలబడేలా ఎలా కట్టాలన్నదే దాని పని. ఫణి తుఫాను తర్వాత ఒడిశా కరెంటు వ్యవస్థ మీద అధ్యయనం కూడా చేసింది. ఇచ్ఛాపురం దాటితే వాళ్ల లైను, ఇవతల మనది. నేలా అదే, గాలీ అదే, కొబ్బరి చెట్టూ అదే. ఆ కాగితాలు మన డివిజన్ ఆఫీసుల బల్లల మీద కూడా ఉండాలి.

ప్రశ్న: మా దగ్గర విమానాశ్రయం కట్టారు. హుద్‌హుద్‌కి విశాఖ విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది కదా. ఇది నిలబడుతుందా?
- డిగ్రీ విద్యార్థిని, భోగాపురం

జవాబు: విశాఖ ప్రాంతానికి మన దేశ ప్రమాణాల్లో గాలి లెక్క సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. తుఫాను తర్వాత కూడా పనిచేసి తీరాల్సిన ఆస్పత్రులు, షెల్టర్లు, సెల్ టవర్ల లాంటివాటికి ఆ వేగాన్ని మరో 30 శాతం పెంచి డిజైన్ చేయమని 2015లో సవరించిన ప్రమాణం చెబుతోంది. పెద్ద కట్టడాలకి ఈ లెక్క చూసే ఇంజినీర్లుంటారు. నా దిగులు పూసపాటిరేగ పక్కన మత్స్యకారుల ఇళ్ల రేకుల గురించి. వాటి బోల్టులు ఎవరూ లెక్కపెట్టరు.

ప్రశ్న: ఒడిశాలో ఓ పల్లెకి 'సునామీ రెడీ' అని యునెస్కో గుర్తింపు ఇచ్చిందట. మన తీరం ఊళ్లకి రాదా? దానివల్ల లాభమేమిటి?
- హైస్కూలు మాస్టారు, ఇచ్ఛాపురం

జవాబు: మాస్టారూ, ఆ ఊరు మీకు దగ్గరే. గంజాం జిల్లా వెంకట్రాయపూర్. దానికీ నోలియాసాహికీ 2020లో గుర్తింపు వచ్చింది. హిందూ మహాసముద్రం మొత్తం మీద మొదటివి అవే. డబ్బేమీ రాదు. 12 షరతులున్నాయి: నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మ్యాపు, ఎటు పరుగెత్తాలో బోర్డులు, హెచ్చరిక రాత్రైనా అందే ఏర్పాటు, డ్రిల్లు, ఇలాంటివి. మన దేశంలో దీన్ని ముందుకి తీసుకెళ్తున్నది హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుపుతున్నదీ, ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు ఈ సముద్రం చుట్టూ ఉన్న దేశాలకి సమాచారం పంపుతున్నదీ వాళ్లే.

హైదరాబాద్ నుంచి పరదేశాలకి నిమిషాల్లో కబురు పోతోంది. మీ ఊరి షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో మాత్రం చెప్పగలరా? నేను చూసిన ఒక షెల్టర్ తాళంచెవి, పెళ్లి చేసుకుని వలస పోయిన కుర్రాడి జేబులో చెన్నై చేరింది. బంగ్లాదేశేమీ మనకన్నా డబ్బున్న దేశం కాదు. తుఫాను వస్తే జెండా ఎగరేసి, మెగాఫోను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే వాలంటీర్లు అక్కడ 76 వేల మంది. సగం మంది ఆడవాళ్లు. ఇరుగుపొరుగు ఆడమనిషి వచ్చి పిలిస్తే ఇంట్లో ఆడవాళ్లు కదులుతారని వాళ్లకి అనుభవంలో తెలిసింది. మీ బడి పిల్లలతో మ్యాపు గీయించడం మొదలుపెట్టండి, మిగతా షరతులకి పంచాయతీని పట్టుకోవచ్చు.

ప్రశ్న: తిత్లీకి పోయిన కొబ్బరి చెట్ల చోటు ఇంకా ఖాళీగానే ఉంది బాబూ. నాకు డెబ్బై దాటాయి. ఇప్పుడు మొక్క ఏస్తే నేను కాయ సూస్తానా?
- మందస మండలం నుంచి ఓ అమ్మ, మనవరాలి చేత రాయించి

జవాబు: వేయండమ్మా. పొట్టి రకం అయితే నాలుగేళ్లలో కాపుకొస్తుంది, పొడుగు రకానికి ఆరేడేళ్లు. రెండూ కలిపి వేయండి, పొట్టివి మీకు, పొడుగువి ఈ ఉత్తరం రాసిన పిల్లకి. ఒక్క బతిమాలాట: పడినా మా తీగకి తగలనంత దూరంలో.