మా వీధి రోడ్డు లెక్క అడిగితే తప్పా?

ప్రశ్న: మా ఊళ్లో సీసీ రోడ్డు వేసి ఏడాది కూడా కాలేదు, అప్పుడే పెచ్చులూడిపోతోంది. ఎంత ఖర్చయిందని అడిగితే "నీ జేబులో డబ్బులా, నీకెందుకు" అంటున్నారు. అడిగే హక్కు నాకు లేదా అండి?

జవాబు: మీ జేబులో డబ్బులేనండి! ఇంటి పన్ను మీరే కడతారు, సబ్బు కొన్నా జీఎస్టీ పోతుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద అర్జీ పెట్టండి, ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు, మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. "అవినీతి జరిగిందా?" అని మాత్రం రాయకండి, దానికి జవాబు రాదు. ఎస్టిమేటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లుల కాపీలు కావాలని పేరుపేరునా అడగండి. చాలామందికి తెలీదు గానీ పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన మెటీరియల్ శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఇదే చట్టంలో ఉంది, ఎం-బుక్‌లో రాసిన మందం రోడ్డు మీద ఉందో లేదో టేపు పెట్టి చూస్తే సగం కథ అక్కడే తేలిపోతుంది.

30 రోజుల్లో ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి. కమిషన్ రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు, వేసేది తక్కువే అనుకోండి, అయినా ఆ భయం పనిచేస్తుంది. ఒక్కరే వెళ్లకండి, వీధిలో నలుగురు తలా ఒక అర్జీ పెట్టండి, వచ్చిన కాగితాలు గ్రామసభలో అందరి ముందూ చదివించండి.