అణుశక్తి కమిషన్‌లో కుర్చీకి ఏ కోర్సు చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. అణు పరిశోధన మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే కమిటీలు ఉంటాయని చదివి, తనూ అక్కడికే వెళ్తానంటోంది. మా ఆడపడుచు భర్తగారేమో ఇవన్నీ ఎందుకు, సీఎస్‌ఈలో వేసేయమంటున్నారు. ఆ కమిటీల్లోకి వెళ్లడానికి ఏం చదివించాలి? రేడియేషన్ అంటే భయంగా కూడా ఉంది. – ఏలూరు నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ కుర్చీలకు కోర్సు లేదు, నోటిఫికేషన్ రాదు, ఎంట్రన్సూ ఉండదు. ఏళ్ల తరబడి ఒక పనిలో చేయి తిరిగినవాళ్లను పిలిచి కూర్చోబెడతారు. కాబట్టి మనం వెతకాల్సింది ఆ పని నేర్పే దారి.

1948లో దేశ అణుశక్తి విధానాలు తేల్చే అణుశక్తి కమిషన్ పెట్టినప్పుడు సభ్యులు ముగ్గురే: హోమీ భాభా, కె.ఎస్.కృష్ణన్, శాంతి స్వరూప్ భట్నాగర్. ముగ్గురూ అప్పటికే పేరుమోసిన శాస్త్రవేత్తలు. ఇప్పుడు అణుశక్తి శాఖ కార్యదర్శే కమిషన్‌కు అధ్యక్షులు. ఆ కుర్చీలో కూర్చున్న అనిల్ కకోద్కర్ చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, శ్రీకుమార్ బెనర్జీది మెటలర్జీ. 'న్యూక్లియర్' అనే పేరున్న డిగ్రీ కోసం ఊరూరా తిరగక్కర్లేదని చెప్పడానికే ఈ పేర్లు. ఇద్దరూ వచ్చింది భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ట్రైనింగ్ స్కూల్ నుంచే.

మన గోదావరి జిల్లాల మనిషి ఒకాయన ఉన్నారు. మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. ముంబైలోని ట్రాంబేలో రియాక్టర్లకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు ఇక్కడే తయారుచేయించిన మనిషి కాబట్టే, 1963లో భాభా అధ్యక్షతన వేసిన ఎలక్ట్రానిక్స్ కమిటీలోకి ఆయన్ను తీసుకున్నారు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థను పెట్టి నడిపిందీ ఆయనే. ఏ.ఎస్.రావు నగర్ బస్సెక్కేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసో!

మీ అమ్మాయికి ముందుగా తారసపడేది కమిషన్ కాదు, బీఆర్‌ఎన్‌ఎస్ అనే బోర్డు. విశ్వవిద్యాలయాల్లో అణు విజ్ఞానానికి సంబంధించిన ఏ పరిశోధనకు డబ్బివ్వాలో అణుశక్తి శాఖకు ఇది చెబుతుంది. ప్రొఫెసర్ల ప్రతిపాదనలను నిపుణుల కమిటీలు చదివి, ప్రశ్నలు వేసి, కొన్ని తిప్పి పంపుతాయి. ఎమ్మెస్సీ అయ్యాక అలాంటి ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా, అంటే జూనియర్ పరిశోధకురాలిగా చేరితే, సలహా కమిటీ ఎలా ఆలోచిస్తుందో ఇవతలి వైపు నుంచి చూడొచ్చు. నన్నడిగితే అంతకు మించిన శిక్షణ లేదు.

ఇంకో సంగతి అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. సలహా ఇచ్చేవారి మాటే చెల్లుతుందని లేదు. అమెరికాలో అణుశక్తి కమిషన్‌కు, తొలి అణుబాంబు తయారీని నడిపించిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ అధ్యక్షుడిగా ఒక సలహా సంఘం ఉండేది. హైడ్రోజన్ బాంబు జోలికి వెళ్లొద్దని 1949లో అది రాసిచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ముందుకే వెళ్లమన్నారు.

ఇక దారులు. సైన్సే ఇష్టమైతే నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాయించండి. భువనేశ్వర్ దగ్గరి నైసర్, ముంబైలోని సీఈబీఎస్ అనే సైన్స్ విద్యాసంస్థల్లో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంటుంది. రెండూ అణుశక్తి శాఖ ఊతంతో నడిచేవే. ఇంజనీరింగ్ అయితే బీటెక్ 60 శాతం మార్కులతో పూర్తిచేసి, గేట్ స్కోరుతోనో వాళ్లు పెట్టే ఆన్‌లైన్ పరీక్షతోనో ట్రైనింగ్ స్కూల్ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. ఆ ఇంటర్వ్యూ తేలిక కాదు. బట్టీ పట్టినవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఎంపికైతే ఏడాది శిక్షణ, ఆపైన సైంటిఫిక్ ఆఫీసర్ ఉద్యోగం. మూడేళ్లు పనిచేస్తామని బాండు రాయాలి. జనరల్ కేటగిరీకి వయోపరిమితి 26 ఏళ్లు, కాబట్టి మధ్యలో ఏళ్లు పోగొట్టుకోకూడదు. కల్పాక్కంలో, ఇండోర్‌లో, అణు ఇంధనం తయారుచేసే మన హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీలో కూడా ఈ శిక్షణ కేంద్రాలున్నాయి.

రేడియేషన్ భయం తల్లికి సహజం. అది ఉన్నచోట పనిచేసేవాళ్లు ఒంటి మీద బ్యాడ్జీ పెట్టుకుంటారు, ఎంత సోకిందో లెక్క రాస్తారు. ఏ ఏడాదైనా 30 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి సోకిన రేడియేషన్‌కు కొలమానం), వరుసగా అయిదేళ్లకు కలిపి 100 దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) నియమం. పైగా ఈ శాఖలో సగం పనులు కంప్యూటర్ ముందో, లోహాల ల్యాబ్‌లోనో జరిగిపోతాయి.

అన్నట్టు, మీ ఆడపడుచు భర్తగారితో గొడవ పడకండి. ట్రైనింగ్ స్కూల్‌కు కంప్యూటర్ సైన్స్ వాళ్లనూ తీసుకున్న ఏళ్లున్నాయి. ఏటా అన్ని బ్రాంచీలూ పిలవరు, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఈఏపీసెట్, నెస్ట్ రెండింటికీ ఫారాలు నింపించండి. ఫిజిక్స్ ల్యాబ్‌లో రీడింగ్ తప్పితే మళ్లీ తీసే ఓపిక తనకుందో లేదో ఈలోగా లెక్చరర్‌ను అడిగి, నాకు ఇంకో ఉత్తరం రాయండి.