వకీటా వెళ్తున్న చిన్నాకి

చిరంజీవి చిన్నాకి పిన్ని ఆశీస్సులు.

టోర్నడోల (సుడిగాలుల) మీద తీసిన ‘ట్విస్టర్’ సినిమా మ్యూజియం చూడ్డానికి స్నేహితులతో కారులో ఒక్లహోమాలోనే ఉన్న వకీటా ఊరికి పోతున్నావని అక్క ఫోన్లో చెప్పింది. ఉరుము వినబడితే ‘అర్జునా ఫల్గుణా’ అంటూ అమ్మమ్మ కొంగులో దూరేవాడివి. ఇప్పుడు టోర్నడో మ్యూజియానికే ప్లాన్ వేశావంటే మురిపెంగా ఉంది. కానీ టోర్నడోలు ఎక్కువగా వచ్చే మే నెలే దొరికిందిట్రా మీకు?

స్టిల్‌వాటర్ నుంచి ఐ-35 హైవే ఎక్కి ఉత్తరానికి, బ్లాక్‌వెల్ దగ్గర 11వ నంబరు రోడ్డు పట్టుకుని పడమటికి పొండి. గ్యాస్ (పెట్రోలు), తిండి మెడ్‌ఫర్డ్‌లోనే చూసుకోండి. బయల్దేరే ముందు మ్యూజియానికి ఫోన్ చెయ్యి, రోజంతా తెరిచి ఉండే చోటు కాదది.

ఊళ్ళో జనం మూడొందలకి కాస్త అటూ ఇటూ. 1995లో సినిమావాళ్ళు పాత బజారు కట్టడాలు కూల్చి, ఆ శిథిలాల మధ్యే షూటింగ్ చేశారు. సినిమాలో సుడిగాలి కడుపులోకి సెన్సార్లు పంపడానికి వాడిన ‘డొరొతీ’ పీపా మ్యూజియంలోనే ఉంది. దాని పక్కన ఫోటో దిగి పంపు.

సినిమాలో హీరో హీరోయిన్లు ఓ చెక్క వంతెన కింద దాక్కుని బయటపడతారు చూడు, ఆ సీను మాత్రం బుర్రలోంచి తీసెయ్. మీ బాబాయి చేసిన పనీ అదే. కొత్త కామ్రీ కారు కొన్న ఏడాది వడగళ్ళు మొదలవగానే హైవే మీద వంతెన కింద ఆపాడు. అప్పటికే అక్కడ కార్లు రెండు లేన్లూ మూసేశాయి. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. రేడియోలో టోర్నడో వార్నింగ్ ఇస్తూ మా కౌంటీ (జిల్లా లాంటిది) పేరే చదువుతున్నారు. ఈయనేమో బయటికి దిగి, సొట్టలు పడ్డాయేమోనని బానెట్ తడుముతున్నాడు! మబ్బు పక్కనుంచి పోయింది కాబట్టి సరిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా ‘నీడలో ఆపాను, తప్పేముంది’ అంటాడు.

తప్పేముందో 1999 మే 3న తెలిసింది. ఆ సాయంత్రం టోర్నడోలకి ఒక్లహోమాలో మూడు వంతెనల కింద ఒక్కొక్కరు చొప్పున ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందులో ఒకటి మీ పేన్ కౌంటీలోనే, ఐ-35 మీద. వంతెన కింద ఇరుకులో గాలి ఇంకా ఊపందుకుంటుంది. గట్టు మీద పైకి ఎక్కేకొద్దీ జోరు పెరుగుతుంది. ఎగిరొచ్చే రేకులకీ చెక్కలకీ అక్కడ అడ్డేమీ ఉండదు.

మన కోనసీమ తుఫానులా ముందురోజు రేడియోలో చెప్పి వచ్చేది కాదిది. నిమిషాల్లో వస్తుంది. పేన్, నోబుల్, కే, గ్రాంట్ – దారిలో వచ్చే ఈ కౌంటీల పేర్లు నోటికి రావాలి, వార్నింగుల్లో ముందు వినబడేవి అవే. వార్నింగ్ వచ్చిందా, కనబడిన స్టోర్లోకో గ్యాస్ స్టేషన్లోకో దూరి, కిటికీల్లేని బాత్రూంలో కూర్చోండి. ఫోన్ తీసి వీడియోలు పడితే మాత్రం నేనే వచ్చి వీపు విమానం మోత మోగిస్తాను.

గాలివానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పుంజుకుంటాయి. పొద్దున్నే లేవండి, కుదిరితే చీకటి పడేలోపు హైవే దిగేయండి. సిగ్నల్ ఉన్న చోటల్లా మెసేజ్ పెట్టు, అక్కకి కాదు, నాకు. అక్కకి టెన్షన్ ఎక్కువ. నాకూ తక్కువేం కాదనుకో, కానీ నాకు రాడార్ చూడ్డం వచ్చు.

మీ పిన్ని