సేవకి చదువెందుకు?

ప్రశ్న: బీఏ అయిపోయింది. సోషల్ వర్క్‌లో పీజీ చేస్తానంటే ఇంట్లో 'సేవ చేయడానికి చదువెందుకు' అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సేవకి అక్కర్లేదేమో గానీ, భర్త కొడితే ఇల్లు వదిలొచ్చిన ఆవిడతో ఏం మాట్లాడాలో, ముందు ఎక్కడికి తీసుకెళ్లాలో మాత్రం నేర్చుకోవాల్సిందేనమ్మా. సోషల్ వర్క్‌లో పీజీ అంటే ఎంఎస్‌డబ్ల్యూ, రెండేళ్లు. క్లాసులతో పాటు బస్తీల్లో, ఆసుపత్రుల్లో ఫీల్డ్‌వర్క్ ఉంటుంది, చూసిందంతా రాసి సూపర్‌వైజర్‌కి చూపించాలి, అసలు టెన్షన్ అదే. ఉస్మానియాకైతే సీపీగెట్, 1936లో మొదలైన ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)కైతే సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నో దూరవిద్య ఉంది, ఫీల్డ్‌వర్క్ అక్కడా తప్పదు. జీతమంటావా, హింసకు గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రాలైనా ఎన్జీవోలైనా మొదట్లో తక్కువే, చాలావరకు కాంట్రాక్టు పోస్టులే. ఈ మాట ఇంట్లో ముందే చెప్పేయమ్మా.