మిద్దె మీద తొట్టి చేపలకి చలొస్తే?

ప్రశ్న: మాది పలమనేరు సార్. మిద్దె మీద సిమెంటు తొట్టిలో గప్పీలు, మాలీలు, నాలుగు గోల్డ్ ఫిష్‌లు ఉండాయి. కార్తీకంలో రాత్రిళ్లు చలి ఎక్కువ, అన్నిటినీ ఇంట్లోకి తెచ్చేయాల్నా?

జవాబు: గోల్డ్ ఫిష్‌లని కదిలించొద్దు, మన చలి వాటికి లెక్కే కాదు. గప్పీలు, మాలీలే వెచ్చటి నీళ్ల చేపలు, వాటికి 24 నుంచి 28 డిగ్రీలుండాలి, 20 కన్నా బాగా తగ్గిందంటే అడుగున కూర్చుండిపోతాయి, మేత ముట్టవు, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కూడా రావచ్చు, అందుకే దీపావళికి ముందే తెచ్చేయండి. ఇంట్లో పెట్టే ట్యాంకులో సగం తొట్టి నీళ్లే పోయండి, మిగతాది కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి. చేపల్ని నీళ్లతో కవర్లో పట్టి, ఆ కవర్‌ని ట్యాంకు నీళ్లలో పావుగంట తేలనిచ్చి వదలండి. 50 లీటర్లకి 50 వాట్ల హీటర్ చాలు, థర్మామీటర్ మాత్రం తప్పదు, చవక హీటర్లని నేనైతే నమ్మను. చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీసేయండి సామీ!