విషాద ఇతిహాసాలు, స్ట్రాటజీ గేమ్స్ పిచ్చి మొదటి నవలకి ఏమన్నా పనికొస్తుందా?

బాగా పనికొస్తుందండీ, నేనూ ఇప్పుడు మొదటి నవలే రాస్తున్నా, నాకూ ఈ రెండూ ప్రాణం. రెండిట్లోనూ ఉండేది ఒకటే, మనిషి తనకి సబబు అనిపించిందే చేస్తాడు, అదే వాడిని ముంచుతుంది. కర్ణుణ్ణే చూడండి, యుద్ధానికి ముందే కృష్ణుడు వచ్చి నువ్వు కుంతి పెద్దకొడుకువి, రాజ్యం నీదే అని చెప్పేశాడు, అయినా దుర్యోధనుణ్ణి వదల్లేదు. ఓడిపోతామని తెలిసి కూడా! గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌లో ట్రాయ్ నగర యువరాజు హెక్టర్ కూడా అంతే, ట్రాయ్ ఎలాగూ కూలిపోతుందని భార్యతో తనే అంటాడు, హెల్మెట్ మీది కుచ్చు చూసి పసివాడు జడుసుకుని ఏడిస్తే నవ్వి, దాన్ని తీసి కింద పెట్టి, బిడ్డని ముద్దుపెట్టుకుంటాడు. నాకు మొత్తం యుద్ధం కంటే ఆ హెల్మెట్ కింద పెట్టడమే ఎక్కువ గుర్తుంది.

ఇక గేమ్స్ అంటే, 2020లో వచ్చిన క్రూసేడర్ కింగ్స్ 3లో జాలిగుండె ఉన్న రాజుతో ఖైదీని చంపిస్తే ఆ రాజుకి స్ట్రెస్ పెరుగుతుంది, అది మరీ ఎక్కువైతే మనిషి కుప్పకూలిపోతాడు. రాజు చచ్చిపోతే రాజ్యం కొడుకుల మధ్య చీలిపోతుంది, మనం వారసుడిగా ఆడాలి, నిన్నటిదాకా ముద్దుగా పెంచిన రెండోవాడే ఇప్పుడు మనకి శత్రువు. ఇంతకంటే మంచి కథా బీజం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

కాకపోతే ఆడిన ఆటని ఉన్నదున్నట్టు రాయకండి, మ్యాపూ సైన్యాల లెక్కలూ పాఠకుడికి అక్కర్లేదు, ఆ తమ్ముడు అన్నకి ఎదురుతిరగాలని తేల్చుకున్న రాత్రి రాయండి చాలు.