సమాధానం: టైలర్లను పెంచినా చొక్కాలు ఆలస్యమవడానికి కారణం

ఇద్దరు టైలర్లను అదనంగా పెట్టుకున్నా ఆర్డర్ ఆలస్యంగానే వెళ్తోందని, కాజా మిషన్ (గుండీ రంధ్రాలు కుట్టే మిషన్) దగ్గర 600 చొక్కాలు పేరుకుపోయాయని రాశారు కదండీ. జవాబు ఆ కుప్పలోనే ఉంది. మీ కాజా మిషన్ గంటకు 40 చొక్కాలే చేస్తుందన్నారు. అంటే టైలర్లు ఎంత వేగంగా కుట్టినా గంటకు 40కి మించి బయటికి రావు. ఈరోజు కుట్టిన చొక్కా తన వంతు కోసం 15 గంటలు ఆగాలి, అంటే మీ 8 గంటల షిఫ్టులో దాదాపు రెండు రోజులు. 1961లో అమెరికా పరిశోధకుడు జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం వేసిన లెక్క ఇది: ఆగి ఉన్న సరుకును గంటకు బయటికొచ్చే సంఖ్యతో భాగించడమే.

ఇంకో టైలర్‌ను మాత్రం తీసుకోవద్దు. కొత్తవాళ్లలో ఒకరికి కాజా మిషన్ నేర్పించి, భోజనాల వేళ కూడా దాన్ని నడిపించండి. దారం మార్చిన ప్రతిసారీ టైం పోతుంది, అందుకే ఒకే రంగు చొక్కాలన్నీ కలిపి వేయించండి. కాలర్ వంకర, ఊడిన కుట్టు లాంటివి కాజాకు ముందే చూసి పక్కన పెట్టించండి. కుప్ప 150కి దిగేదాకా కొత్త కటింగ్ ఆపండి. టైలర్లు ఖాళీగా కూర్చుంటే మనసొప్పదు, నిజమే, అయినా అప్పటిదాకా కటింగ్ మళ్లీ మొదలుపెట్టకండి. ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు రెండో కాజా మిషన్ కొనండి, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు.